హాకీ కర్రకి కొత్త బ్లేడు: కొలత నుంచి బిగింపు దాకా

సాయంత్రం స్కేటింగు క్లాసు అయ్యాక ఎవరో ఒకరు విరిగిన కర్ర పట్టుకుని మా షాపు ముందు బండి ఆపుతారు. "బ్లేడు తెప్పించామండీ, దూరట్లేదు" అని ఒకరు. "దూరింది గానీ మూడో రోజుకే ఊడి చేతికొచ్చిందండీ" అని ఇంకొకరు. భీమవరంలో నాది మోటార్ల రీవైండింగు షాపు. రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు విప్పి చుట్టుకోవడమే నా పని. మావాడు ఇన్‌లైన్ హాకీలో (చక్రాలు ఒకే వరసలో ఉన్న స్కేట్లతో ఆడేది) పడ్డాక కర్రలకి బ్లేడ్లు వేయడం కూడా నెత్తిన పడింది. వచ్చినవాళ్లకి నిలబెట్టి చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను. ఈ పనిలో జిగురు గురించి జనం పడే బెంగ ఎక్కువ, బిగుతు గురించి పడే శ్రద్ధ తక్కువ. పారకి కామ వేసేటప్పుడు జిగురు రాసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చెక్కి, సరిచూసి, దిగ్గొడతారు. ఇక్కడా అంతే. బ్లేడు తనంతట తాను బిగుతుగా కూర్చోవాలి, మిగిలిన సన్నటి సందు నింపడానికే జిగురు.

పేర్లు: చేత్తో పట్టుకునే పొడవాటి భాగం షాఫ్టు, కింద కొట్టే భాగం బ్లేడు. బ్లేడు పైన షాఫ్టు లోపలికి దూరే పలకలాంటి ముక్కని కాడ అంటాను. కాడ మొదట్లో షాఫ్టు అంచు వచ్చి ఆనే మెట్టు భుజం. బ్లేడు కింద వంపు తిరిగే చోటు మడమ, చివర కొస.

1. అసలు మీ కర్రకి బ్లేడు మారుతుందా?

పచ్చిక మీదో టర్ఫు మీదో ఆడే మామూలు హాకీ కర్రకి బ్లేడు విడిగా ఉండదు. మొత్తం ఒకటే ముక్క. వంపు దగ్గర విరిగితే కొత్త కర్ర కొనుక్కోవడమే.

నాలుగు చక్రాల క్వాడ్ స్కేట్లతో, బంతితో ఆడే రోలర్ హాకీ కర్ర పొట్టిగా ఉంటుంది. దానిదీ అదే సంగతి.

బ్లేడు మారేది ఇన్‌లైన్ హాకీ, ఐస్ హాకీ కర్రలకి. వీటిలో రెండు రకాలు. మొదటిది రెండు ముక్కలది: గొట్టంలాంటి షాఫ్టు, అందులో దూర్చిన బ్లేడు. రెండోది ఒకే ముక్కగా అమ్మేది. ఈ రెండోదాని బ్లేడు విరిగినా షాఫ్టు బాగుంటే పారేయకండి. కింద కోసి కొత్త బ్లేడు దూర్చుకోవచ్చు. ఎలాగో 6వ భాగంలో చెబుతాను.

2. బ్లేడు పోయిందా, అతుకు వదిలిందా?

నా దగ్గరకి "బ్లేడు పోయిందండీ" అంటూ వచ్చిన కర్రల్లో కొన్నిటికి బ్లేడు శుభ్రంగా ఉంటుంది, జిగురు ఒకటే వదిలి ఉంటుంది. కొత్తది కొనేముందు రెండు పరీక్షలు చేయండి.

షాఫ్టుని మోకాళ్ల మధ్య నొక్కిపట్టి, బ్లేడుని చేత్తో అటూ ఇటూ మెలిపెట్టండి. అతుకు దగ్గర టిక్కు టిక్కుమంటే పోయింది జిగురే. వేడి చేసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

తర్వాత బ్లేడు కొసని సిమెంటు నేల మీద మెల్లగా తట్టండి. గట్టి బ్లేడు టక్కున పలుకుతుంది. లోపల ఫోము నలిగినా, పైపొర చీలినా శబ్దం మొద్దుగా, పగిలిన కుండలా వస్తుంది. బొటనవేలితో కొసని నొక్కితే మెత్తగా లోపలికి పోతుందంటే ఇక దానికి నూకలు చెల్లినట్టే.

షాఫ్టునీ చూడండి. కింది చివర ఒక అరచేయి పొడవున వేలిగోరుతో నాలుగు అంచులూ గీకుతూ వెళ్లండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ చీలిక ఉంది. చీలిన షాఫ్టులో కొత్త బ్లేడు వేయడం దండగ. చీలిక చివరి అంగుళంలోనే ఉంటే అంతమేర కోసేసి వాడుకోవచ్చు.

3. కొలత: డబ్బులు పోయేది ఇక్కడే

దూరని బ్లేడు కొన్నవాళ్లంతా ఈ మెట్టు దాటేసినవాళ్లే.

షాఫ్టులు రెండు తరహాలు. స్టాండర్డు షాఫ్టు పైనుంచి కింద దాకా ఒకే లావు. టేపర్డ్ షాఫ్టు కిందికొచ్చేసరికి సన్నబడుతుంది. వాటి బ్లేడ్లూ వేరు: స్టాండర్డు బ్లేడు కాడ లావు, టేపర్డ్ బ్లేడు కాడ సన్నం. లావు కాడ సన్న షాఫ్టులోకి వెళ్లదు. సన్న కాడ లావు షాఫ్టులోకి దూరుతుంది గానీ గిలకలా ఆడుతుంది. ఆ వదులు జిగురుతో నిండేది కాదు.

షాఫ్టుని కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుని, అంచు వెంబడి ఒక కన్ను మూసి చూడండి, వడ్రంగి దూలం చూసినట్టు. కింద సన్నబడుతోందా లేదా అన్నది ఇట్టే తెలుస్తుంది. అయినా కంటిని నమ్మి ఆర్డరు పెట్టొద్దు. సన్న కొలతలు తీసే వెర్నియర్ తీసుకోండి. మీ దగ్గర లేకపోతే ఏ లేతు షాపులోనైనా ఉంటుంది.

కొలవాల్సినవి:

- షాఫ్టు రంధ్రం లోపలి వెడల్పు, మందం. అంచు దగ్గర ఒకసారి, వెర్నియర్ నోరు వెళ్లినంత లోపల ఇంకోసారి.
- పాత కాడ దొరికితే దాని వెడల్పు, మందం, పొడవు. ఎండిన జిగురు గీకేశాకే కొలవండి.
- కర్ర మొత్తం పొడవు, పాత బ్లేడు ఉండగానే. ఊడదీశాక ఈ కొలత దొరకదు.

ఈ అంకెలు అమ్మేవాడికి పంపి, కాడ కొలతలు చెప్పమని అడగండి. "అన్నిటికీ సరిపోతుందండీ" అన్న జవాబొస్తే ఆ బేరం వదిలేయండి.

పిల్లల కర్రలతో ఇంకో చిక్కుంది. జూనియర్ షాఫ్టు చుట్టుకొలతే చిన్నది, అందులో పెద్దల బ్లేడు పట్టదు. పిల్లాడు ఎదుగుతున్నాడు కదా అని ముందుచూపుతో పెద్ద బ్లేడు తెప్పించిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. చెప్పుల సైజు కాదు కదండీ ఇది.

4. ఏ బ్లేడు?

చేతివాటం. కుడి బ్లేడంటే కుడి చెయ్యి కింద, ఎడమ చెయ్యి పైన పట్టేవాళ్లది. మన పిల్లలకి చెప్పడానికి తేలిక మార్గం క్రికెట్టే. కుడిచేత్తో బ్యాటింగు చేసేవాడికి బ్యాటు మీద పై చెయ్యి ఎడమది, కింది చెయ్యి కుడిది. అతను కర్రనీ అలాగే పడితే కుడి బ్లేడు. అయినా చేతికి కర్రిచ్చి ఏమీ చెప్పకుండా చూడండి. బ్యాటింగు ఒక వాటం, హాకీ ఇంకో వాటం ఉన్న పిల్లలూ ఉన్నారు.

పదార్థం. మూడు రకాలు దొరుకుతాయి. చెక్క మీద ఫైబరుగ్లాసు చుట్టినది ఒకటి, లోపల ఏబీఎస్ ప్లాస్టిక్ ఉన్నది ఒకటి, కార్బన్ ఫైబరు పొరల మధ్య ఫోము ఉన్న కాంపోజిట్ ఒకటి.

మన ఊళ్లలో పిల్లలు ఆడేది నున్నటి రింకుల మీద కాదు, బడి ఆవరణలో సిమెంటు కోర్టు మీద. సిమెంటు బ్లేడు అడుగుని ఆకురాయిలా అరగదీస్తుంది. కాంపోజిట్ తేలిక, దెబ్బ చురుగ్గా పోతుంది, కానీ సిమెంటు మీద దాని అడుగు పొర తొందరగా అరిగి లోపలి ఫోము బయటపడుతుంది. ఏబీఎస్ కాస్త బరువు, కొంచెం మొద్దు, కానీ అరుగుదలకి ఓర్చుకుంటుంది. సిమెంటు మీద రోజూ ఆడే పిల్లాడికి ఏబీఎస్సే వేయమంటాను. పోటీలకి నున్నటి నేల మీదకి వెళ్లేవాళ్లు కాంపోజిట్ విడిగా ఉంచుకోవచ్చు.

చెక్క బ్లేడు ఆట బాగానే ఉంటుంది. మన వానాకాలంతోనే దానికి పడదు. శ్రావణంలో తలుపులు ఉబ్బి గడపకి పట్టేసినట్టు, పైపొర చీలిన చెక్క బ్లేడు తేమ తాగి ఉబ్బుతుంది.

వంపు. పీ92, పీ88, పీ28 లాంటి గుర్తులు కనిపిస్తాయి. పీ88 వంపు బ్లేడు మధ్యలో మొదలవుతుంది, ముఖం, అంటే కొట్టే వైపు, పైకి అంతగా తెరుచుకోదు. పీ92 వంపు మధ్య నుంచి కొస వైపుకి, ముఖం కొంచెం తెరుచుకుని ఉంటుంది. పీ28 వంపంతా కొస దగ్గరే. ముఖం ఎంత తెరుచుకుంటే పక్కు (బంతి బదులు కొట్టే గుండ్రటి బిళ్ల) అంత సులువుగా గాల్లోకి లేస్తుంది. నేర్చుకునే పిల్లలకి పీ88 లాంటిది నయం, వెనక వైపుతో కొట్టడం, పాసు అందుకోవడం తేలిక. కంపెనీ మారితే అదే వంపుకి వేరే గుర్తు ఉంటుంది, కాబట్టి పాత బ్లేడుని కొత్తదాని ఫొటో పక్కన పెట్టి పోల్చుకోండి.

లై. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, బాధపడేవాళ్లు ఎక్కువ. బ్లేడు నేల మీద పూర్తిగా ఆనినప్పుడు షాఫ్టు ఎంత నిటారుగా ఉంటుందో చెప్పే అంకె లై. 5 అంటే షాఫ్టుకీ బ్లేడుకీ మధ్య సుమారు 135 డిగ్రీలు. అంకె పెరిగేకొద్దీ కర్ర ఇంకా నిటారు. ఎక్కువ బ్లేడ్లు 5, 6 మధ్యే ఉంటాయి.

మీకెంత కావాలో పాత బ్లేడే చెబుతుంది. అడుగుకి కొత్త టేపు వేసి, స్కేట్లు కట్టుకుని పది నిమిషాలు ఆడి, టేపు ఎక్కడ అరిగిందో చూడండి.

- మధ్యలో అరిగితే ఉన్న లై సరిపోయింది. అదే అంకె తెప్పించండి.
- మడమ దగ్గరే అరిగితే కొస గాల్లో ఉంటోంది. ఒక అంకె తక్కువ తీసుకోండి.
- కొస దగ్గరే అరిగితే మడమ లేస్తోంది. ఒక అంకె ఎక్కువ తీసుకోండి.

పక్కు బ్లేడు కింద నుంచి జారిపోతోందని కోచ్ చేత రోజూ తిట్లు తిన్న పిల్లాడొకడు మా దగ్గరకొచ్చాడు. టేపు చూస్తే మడమ దగ్గర నల్లగా చిరిగి ఉంది, కొస దగ్గర పెళ్లికొడుకులా మెరుస్తోంది. లై మారిస్తే సగం తిట్లు ఆగాయి. మిగతా సగం వాడివే.

5. సామాను

- హీట్ గన్. మొబైలు రిపేరు షాపు వేడిగాలి పరికరం సన్నది, ఈ పనికి చాలదు. బళ్లకి స్టిక్కరింగు చేసే షాపులో పెద్దది ఉంటుంది. అడిగితే "ఆయ్, రెండు నిమిషాల పనేగా, తెచ్చుకోండి" అనేవాళ్లే ఎక్కువ.
- హాట్ మెల్ట్ జిగురు కడ్డీ, వేడికి కరిగి చల్లారితే గట్టిపడేది. హాకీ షాఫ్టుల కోసమే అమ్మేది దొరికితే అది. దొరక్కపోతే ఎక్కువ వేడికి తట్టుకునే రకం. పిల్లల బొమ్మల పనికి వాడే కడ్డీ తొందరగా మెత్తబడుతుంది.
- తోలు చేతితొడుగులు లేదా దళసరి నూలు తువ్వాలు.
- 80, 120 నంబరు సాండ్ పేపరు, ఒక సన్న ఆకురాయి.
- సుద్ద ముక్క.
- నూలు టేపు. మేం మోటారు కాయిల్స్ కట్టడానికి వాడే తెల్లటిది, ఏ వైండింగు షాపులోనైనా ఇస్తారు.
- పొడవాటి దళసరి స్క్రూ, పట్టకారు.
- కర్ర కోయాల్సి వస్తే సన్న పళ్ల రంపపు బ్లేడు, మాస్కు.

గ్యాసు పొయ్యి ఈ జాబితాలో లేదు, గమనించండి. మొదటిసారి నేనదే చేశాను. పదిహేను సెకన్లయినా కాలేదు, షాఫ్టు కింది చివర రంగు పొంగి, పొరలు అప్పడంలా విచ్చుకున్నాయి. కార్బన్ పొరల్ని పట్టి ఉంచేది రెసిన్. అది మాడితే ఇక ఏం చేసినా అతకదు. నాలుగు అంగుళాలు కోసేయాల్సి వచ్చింది. ఇంట్లో జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో ప్రమాదం లేదు గానీ, దాని వేడి చాలా కర్రలకి చాలదు.

6. పాత బ్లేడు ఊడదీయడం

1. అతుకు మీద టేపు, స్టిక్కర్లు తీసేయండి.
2. హీట్ గన్ తక్కువ వేడిలో పెట్టి, మూడు నాలుగు అంగుళాల దూరం నుంచి షాఫ్టు చివర నాలుగు పక్కలా తిప్పుతూ ఆడించండి. ఒక చోట ఆపొద్దు. వేడి షాఫ్టుకే, బ్లేడు మీదకి పోనివ్వొద్దు.
3. నిమిషం తర్వాత ఆపి, షాఫ్టు ఒకరు, బ్లేడు ఒకరు పట్టుకుని తిన్నగా లాగండి. రాకపోతే ఇంకో అర నిమిషం వేడి.
4. వదులవుతుంటే కొంచెం అటూ ఇటూ ఊపుతూ లాగండి. మెలిపెట్టొద్దు, షాఫ్టు మూలలు చీలతాయి.
5. వేడి చల్లారకముందే లోపలి జిగురుని పుల్లకి గుడ్డ చుట్టి తుడిచేయండి. చల్లారాక గీకడం నరకం.

రంగు బుడగలు లేచినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయండి.

కాడ లోపలే విరిగి ఉండిపోతే: దాని మధ్యలో దళసరి స్క్రూని సగం దాకా బిగించండి. షాఫ్టు వేడిచేసి, స్క్రూ తలని పట్టకారుతో పట్టి తిన్నగా లాగండి. ఎక్కువసార్లు బాటిల్ బిరడాలా వచ్చేస్తుంది. స్క్రూ కాడలోకే దిగాలి, షాఫ్టు గోడకి తగలకూడదు.

ఒకే ముక్క కర్ర అయితే: బ్లేడుని విడిగా చేసి కంపెనీలోనే అతికించిన రకాలు కొన్ని వేడికి వదులుతాయి. రెండు మూడు నిమిషాల్లో వదలకపోతే రంపం తీయండి. కోసే చోట గట్టిగా టేపు చుట్టి, టేపు మీదే గీత గీసి, తడిపి కోయండి. కార్బన్ పొడి ఊపిరితిత్తులకీ చర్మానికీ మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. లోపల ఫోము ఉంటే కొత్త కాడ పొడవుకి అర అంగుళం ఎక్కువగా తవ్వి తీసేయండి. కింద తక్కువ కోస్తే రంధ్రం సన్నంగా ఉండి టేపర్డ్ కాడ పట్టొచ్చు, పైకి కోస్తే లావు కాడ పట్టొచ్చు. అందుకే ఈ కర్రల విషయంలో ముందు కోసి, రంధ్రం కొలిచి, ఆ తర్వాతే బ్లేడు ఆర్డరు చేయండి.

7. జిగురు లేకుండా అమర్చి చూడటం

పని అంతా ఇక్కడే ఉంది. ఎంత తొందరున్నా ఈ మెట్టు వదలొద్దు.

కాడని చేత్తో నెట్టండి. ముప్పావు వంతు ఇబ్బంది లేకుండా వెళ్లి, చివర్లో కొంచెం బలం అడగాలి. భుజం షాఫ్టు అంచుకి ఆనాలి. కర్ర తలకిందులు చేసి ఊపితే బ్లేడు రాలకూడదు, లాగితే రావాలి.

బిగుతు ఎక్కువైతే: కాడ నాలుగు వైపులా సుద్ద రాయండి. దూర్చి తీయండి. సుద్ద చెరిగిన చోటే పట్టేస్తోంది, అక్కడే 80 నంబరుతో నాలుగు రుద్దులు రుద్ది మళ్లీ చూడండి. మొత్తం కాడని ఒకే ఊపులో రుద్దేస్తే చేజేతులా వదులు చేసుకున్నట్టు. షాఫ్టు లోపల గీకొద్దు, గోడ పలచబడుతుంది.

వదులైతే: ఎటు వదులో చూడండి. ముందుకీ వెనక్కీ ఆడుతుంటే వెడల్పు ముఖాల మీద, పైకీ కిందికీ ఆడుతుంటే సన్న అంచుల మీద మందం పెంచాలి. కొందరు అట్టముక్క పెడతారు. అది చెమ్మకి నాని మెత్తబడుతుంది. ప్లాస్టిక్ టేపు వేడికి జారుతుంది. నేను వాడేది నూలు టేపు: అవసరమైన ముఖం మీద పొడవుగా ఒక పొర పరుస్తాను. వేడి జిగురుని ఆ నూలు పీల్చుకుని, చల్లారాక గట్టి పలకలా తయారవుతుంది. ఒక పొరతో చాలకపోతే రెండు. మూడు పొరలు కావాల్సి వస్తే ఆ బ్లేడు మీ షాఫ్టుది కాదు. తిరిగి పంపేయండి.

అమరిక కుదిరాక భుజం దగ్గర షాఫ్టు మీద ఒక చిన్న పెన్సిల్ గీత, దానికెదురుగా బ్లేడు మీద ఇంకో గీత పెట్టుకోండి. వేడిలో హడావుడి పడేటప్పుడు పనికొస్తుంది.

8. జిగురు పెట్టి బిగించడం

ముందు బ్లేడు ప్యాకెట్టు విప్పి కాడ చూడండి. కొన్నిటికి కంపెనీవాళ్లే జిగురు పూత వేసి పంపుతారు. అలాంటిదైతే విడిగా జిగురు అక్కర్లేదు, వదులున్న చోట కొంచెం చేర్చుకుంటే చాలు.

1. కాడనీ షాఫ్టు లోపలినీ పొడి గుడ్డతో తుడవండి. నూనె చెయ్యి తగలకూడదు. ఉదయం ఉప్మా తిని నేరుగా వచ్చేవాళ్లు ముందు చేతులు కడుక్కోండి.
2. షాఫ్టు చివరని ముప్పై నలభై సెకన్లు నాలుగు పక్కలా వేడి చేయండి. చల్లటి షాఫ్టులో దూర్చిన జిగురు గోడని తాకగానే గడ్డకడుతుంది, పట్టదు. ఊడిపోయిన అతుకుల్లో సగానికి ఇదే కారణం.
3. జిగురు కడ్డీ కొసని వేడిగాలికి చూపించి, కాడ నాలుగు ముఖాల మీదా సన్నటి గీతల్లా రాయండి. దోసె మీద నెయ్యి అనుకోండి, పెసరట్టు మీద ఉప్మా కాదు. ఎక్కువైతే అదే అడ్డుపడి బ్లేడుని లోపలికి పోనివ్వదు.
4. కాడ మీది జిగురు నిగనిగలాడేదాకా ఒక్క ఐదు సెకన్లు గాలి చూపించండి. ఏబీఎస్ బ్లేడైతే ఇంకా జాగ్రత్త, ప్లాస్టిక్ మెత్తబడితే లై మారిపోతుంది.
5. గీతలు కలిపి తిన్నగా నెట్టండి. ఆగకండి. సగంలో ఆగితే అక్కడే బిగుసుకుంటుంది.
6. నేల మీద మడత తువ్వాలు పరిచి, బ్లేడు మడమని దాని మీద ఆనించి, షాఫ్టు పైనుంచి ఒంటి బరువుతో నొక్కండి. భుజం అంచుకి ఆనాలి.
7. కర్రని కంటి ముందు పెట్టి పైనుంచి కిందికి చూడండి. బ్లేడు ఒక పక్కకి వాలితే ఈ పది పదిహేను సెకన్లలోనే సరిచేయాలి.
8. గోడకి ఆనించి, బ్లేడు కిందికి ఉండేలా కదపకుండా వదిలేయండి. ఇరవై నిమిషాల్లో చేతికి చల్లగా తగులుతుంది. గట్టి షాట్లు మాత్రం గంట తర్వాతే. నీళ్లలో ముంచి చల్లార్చొద్దు, నీరు సందులోకి దిగుతుంది.
9. బయటికి ఉబికిన జిగురుని చల్లారాక కోసేయండి. వేడిగా ఉన్నప్పుడు తుడవబోతే వేలికి అంటుకుని చర్మంతో సహా వస్తుంది.

చివరి పరీక్ష: పాత బస్సు టికెట్టు ఒకటి తీసుకుని, భుజానికీ షాఫ్టు అంచుకీ మధ్య దూర్చి చూడండి. దూరకూడదు. దూరితే వేడి చేసి మళ్లీ నొక్కండి. ఆ సన్నటి సందే రేపు ప్రతి షాటుకీ కాడని ఊపి ఊపి వదులు చేస్తుంది.

రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ సంగతి చాలామంది అడుగుతారు. గట్టిగా పడుతుంది, అబద్ధం కాదు. మావాడి మొదటి కర్రకి నేనూ అదే పోశాను. ఆర్నెల్లకి బ్లేడు అరిగింది. కాడ రాదు. వేడి పెంచితే షాఫ్టు మాడుతుంది, పెంచకపోతే ఎపాక్సీ కదలదు. డ్రిల్లుతో తొలుస్తుంటే బిట్టు జారి గోడ చిల్లు పడింది. బాగున్న షాఫ్టు అలా చేజారింది. బ్లేడు అరిగిపోయే వస్తువు, మార్చుకునే వీలు ఉంచుకోవాలి.

9. పొడవు

స్కేట్లు కట్టుకుని నిలబడితే కర్ర పై కొస గడ్డానికి రావాలి. వట్టి కాళ్లతో అయితే ముక్కు దాకా. ఇది మొదటి అంచనా, ఆ తర్వాత ఆటగాడి ఇష్టం.

కొత్త బ్లేడు వేశాక, ముందు రాసుకున్న పాత పొడవుతో పోల్చండి. కోసినందువల్ల తగ్గితే పైచివర చెక్క ప్లగ్గు దూర్చి పెంచుకోవచ్చు. దాన్నీ వేడి జిగురుతోనే. ఎక్కువైతే పైనుంచే కోయండి. షాఫ్టు పొట్టిదయ్యేకొద్దీ బిగుసుతుంది, తక్కువ వంగుతుంది. చిన్న పిల్లల కర్రని ఒకేసారి మూడు అంగుళాలు కోసేసి "షాటు రావట్లేదు" అంటే ఏం చేస్తాం?

10. టేపు

గుడ్డ టేపుని మడమ నుంచి కొస దాకా, ప్రతి చుట్టూ ముందుదాన్ని కొంచెం కప్పేలా చుట్టండి. ముడతలు రాకూడదు. సిమెంటు మీద అడుగు టేపు వారంలో పోతుంది. పోయిన వెంటనే మార్చండి, బ్లేడు అరగకుండా కాపాడేది అదే. అతుకు మీద కూడా ఒక్క చుట్టు వేస్తే ఇసుక, చెమ్మ సందులోకి వెళ్లవు.

11. తేడా వస్తే

- బిగించిన మర్నాడే ఊడింది: షాఫ్టు వేడెక్కకుండా దూర్చారు. జిగురంతా గీకి మళ్లీ 8వ భాగం మొదటి నుంచి.
- ఊడలేదు గానీ కొట్టినప్పుడు గలగల: లోపల గట్టిపడిన జిగురు ముక్కో, ఫోము ముక్కో తిరుగుతోంది. పైనున్న ప్లగ్గు తీసి దులపండి.
- బ్లేడు ఒక పక్కకి వాలి ఉంది: వేడి చేసి సరిదిద్దండి. చల్లటి అతుకుని వంచబోతే షాఫ్టు మూల పగులుతుంది.
- షాఫ్టు చివర చిన్న చీలిక వచ్చింది: బిగుతైన కాడని సుత్తితో దిగ్గొట్టిన గుర్తు. చీలిక మేర కోసి, 7వ భాగం నుంచి మళ్లీ. హాకీ కర్ర మీద సుత్తి వాడకండి, పారకీ దీనికీ అదొక్కటే తేడా.
- మంచి లై తెప్పించినా కొస లేస్తోంది: కాడ వదులుగా ఉండి ఏటవాలుగా కూర్చుంది. సన్న అంచుల మీద నూలు టేపు వేసి సరిచేయండి.

12. మన ఎండ, మన చెమ్మ

విదేశాల నుంచి వచ్చే సూచనల కాగితాల్లో ఈ భాగం ఉండదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, మే చివరి వారంలో అద్దాలు ఎత్తి ఎండలో నిలిపిన కారులో హాట్ మెల్ట్ మెత్తబడటం నా కళ్లతో చూశాను. క్యాంపుకి తీసుకెళ్లిన కర్రల్ని ఒకాయన వెనక అద్దం కింద పేర్చి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చారు. నాలుగింటికి మొదటి షాటుకే ఒక బ్లేడు పక్కు కంటే ముందు గోలు వైపు వెళ్లింది. కర్రలు కారులో ఉంచక తప్పకపోతే సీట్ల కింద, తడిపిన గోనె కాకుండా పొడి దుప్పటి కప్పి ఉంచండి. స్కూటరు మీద తీసుకెళ్తుంటే బ్లేడు సైలెన్సరుకి దగ్గరగా వేలాడకుండా చూసుకోండి.

వానాకాలంలో చిక్కు వేరు. కోర్టు మీద తడి ఆరకుండానే ఆడతారు, ఇంటికొచ్చి కర్రని తలుపు మూల నిలబెడతారు. టేపు కింద తడి రెండు రోజులుంటుంది. ఆట అయ్యాక తడిసిన టేపు విప్పేసి, బ్లేడు తుడిచి, గాలి తగిలేలా అడ్డంగా రెండు మేకుల మీద పెట్టండి. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రం దగ్గరున్నవాళ్లు, మీ షాఫ్టు అల్యూమినియందైతే పాత బ్లేడు తీసినప్పుడల్లా రంధ్రం లోపల తెల్లటి పొడి ఉందేమో చూడండి. ఉప్పుగాలి పని అది. 120 నంబరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచాకే కొత్త కాడ పెట్టండి. ఆ పొడి మీద ఏ జిగురూ పట్టదు.

కొత్తగా బిగించిన కర్రని వారం ఆడించాక ఒకసారి అతుకు మీది టేపు విప్పి, బస్సు టికెట్టు మళ్లీ దూర్చి చూడండి. దూరకపోతే కొత్త టేపు చుట్టేయండి. దూరితే మాత్రం ఊడేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే వేడి చేసి నొక్కండి, రెండు నిమిషాల పని.